అమ్మ సెలవు, నా సమ్మర్ క్యాంపు

మొన్న మా బాబాయిగారి అబ్బాయి శీను పెళ్ళాన్ని వెంటబెట్టుకుని కాకినాడ వచ్చి, మా హాల్లో కూర్చుని, కాఫీ తాగకుండానే నా చేతిలో ఫోను పెట్టాడు. అందులో వరసగా సమ్మర్ క్యాంపుల ప్రకటనలు. గుర్రపుస్వారీ నేర్పేది ఒకటి, రోబోలు చేయించేది ఒకటి, మట్టితో బొమ్మలు చేయించేది ఇంకొకటి. మా చిన్నప్పుడు మట్టి పిసికితే వీపు చిట్లేది, ఇప్పుడు దానికి ఫీజు. వాళ్ళ పాపని ఎందులో వెయ్యాలో నన్ను చెప్పమన్నాడు. "నీకు తెలుసు కదక్కా, మన వైపు మొట్టమొదట సమ్మర్ క్యాంపుకి వెళ్ళింది నువ్వేనంట" అన్నాడు. అది నిజమే. ఆ గొప్ప నేనే పదిమందికీ చెప్పుకున్నాను, ఏటా కాస్త కలుపుతూ. మా ఇంట్లో నేను చెప్పేదాంట్లో సగం తీసేసి నమ్మడం అలవాటు. ఆ మిగిలిన సగం కూడా ఎక్కువేనని మా ఆయన అభిప్రాయం. శీనుకి ఏ క్యాంపు మంచిదో చెప్పలేక, ఆలోచించి చెబుతానని పంపించేశాను. వాళ్ళు వెళ్ళాక ఆ వేసవి, నేను ఇన్నేళ్ళూ దానికి తగిలించిన తోకలన్నీ రాల్చుకుని, ఉన్నదున్నట్టుగా వచ్చి ఎదురుగా కూర్చుంది.

మా ఇల్లు అంబాజీపేటకి ఆనుకుని ఉన్న పల్లెలో, కాలవగట్టుకి దిగువన. నాన్న కొబ్బరి కొట్లో గుమాస్తా. పొద్దస్తమానం లారీల పక్కన నిలబడి కాయలు ఎక్కించడం ఆయన పని. సాయంత్రం ఇంటికొస్తే చొక్కా నిండా పీచు, జుట్టులో పీచు, చెవుల్లో కూడా పీచు. దగ్గరికి వెళ్తే ఎండుకొబ్బరి వాసన, కాస్త తియ్యగా, కాస్త మక్కినట్టుగా. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన వస్తే నాన్న గుమ్మంలోకి వచ్చి చెప్పులు విప్పుతున్నట్టే ఉంటుంది. ఇంట్లో పెత్తనం మా మామ్మది, అంటే నాన్నని కన్న తల్లిది. పొద్దున్నే చింతపండు వేసి ఇత్తడి బిందె తోముకోవడం, ఆ బిందెలో తన ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవడం, మధ్యాహ్నం తాటాకు విసనకర్రతో విసురుకుంటూ కథలు చెప్పడం ఆవిడ దినచర్య. నాకు ఈ విద్య ఆవిడ దగ్గర నుంచే వచ్చింది. గోదారి వరదలో గేదె మీద కూర్చుని రాజోలు దాకా కొట్టుకుపోయి, చేతిలో ఉన్న పెరుగు గిన్నె ఒలక్కుండా తిరిగి వచ్చానని మామ్మ చెప్పేది. అడ్డుపడి ఏమైనా అడిగితే, ఆ పెరుగులో మీగడ ఎంత మందంగా ఉందో కూడా చెప్పేది.

అమ్మ కువైట్‌లో ఉండేది. నేను రెండో తరగతిలో ఉండగా వెళ్ళింది. మా వీధిలో అలా వెళ్ళిన ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి, అమ్మ లేని పిల్లగా నన్నెవరూ ప్రత్యేకంగా చూడలేదు. అక్కడ ఒక ఇంట్లో వంట, పిల్లల పెంపకం అమ్మ పని. ఆ ఇంట్లో నూరా అని సరిగ్గా నా వయసు పిల్ల ఉండేది. ఆ పిల్లకి పొట్టి అయిన గౌన్లు నాకు సరిపోయేవి. అవి వేసుకుని బడికి వెళ్తే అందరూ ఫారిన్ గౌను, ఫారిన్ గౌను అనేవారు. నేను గర్వంగా తిరిగేదాన్ని గానీ, ఇంటికి వచ్చాక ఒక్కోసారి ఆ గౌను మెడ దగ్గర వాసన చూసేదాన్ని, అమ్మ వాసనేమైనా మిగిలిందేమోనని. మిగిలేది కాదు. సబ్బు వాసన.

శుక్రవారం మధ్యాహ్నం నూరా వాళ్ళమ్మ, అంటే మేడంగారు, కుటుంబంతో పుట్టింటికి వెళ్ళేవారు. అప్పుడు అమ్మ ఫోను చేసేది. మా వీధి చివర సూరిబాబుగారి ఫోను బూత్‌కి భోజనాలయ్యాక మేము ముగ్గురం వెళ్ళి బెంచీ మీద కూర్చునేవాళ్ళం. మాతోపాటు ఇంకో రెండు కుటుంబాలు. ఎవరి ఫోను వస్తే వాళ్ళు లోపలికి వెళ్ళేవారు. మిగతావాళ్ళు వినకుండా ఉన్నట్టు గోడవైపు తిరిగి, ఒక్క మాట వదలకుండా వినేవారు. అదొక మర్యాద. అలాంటి ఒక శుక్రవారం అమ్మ రెండు కబుర్లు చెప్పింది. మొదటిది, మే నెలలో సెలవు మీద వస్తున్నాను. నేను బూత్‌లోనే గెంతేశాను. రెండోది, పిల్లని సమ్మర్ క్యాంపులో చేర్చండి. నూరాని ఏటా పంపుతున్నారంట, అక్కడ ఈత, బొమ్మలు, ఆటలు అన్నీ నేర్పుతున్నారంట. ఆ పిల్లకి టోపీ పెట్టి, నీళ్ళసీసా నింపి, తువ్వాలు మడిచి సంచిలో పెట్టి పంపేది అమ్మే. "నా చేత్తో దాన్ని తయారుచేసి పంపినప్పుడల్లా మన పిల్లే గుర్తొస్తదండి. దీన్నీ ఒక్కసారి అలా పంపించుకోవాలని ఉంది" అంది. నాన్న ఫోను పట్టుకుని నిలబడి "ఆయ్, అలాగే, ఆయ్" అన్నారు. మా నాన్న జీవితంలో ఎవరికీ కాదని చెప్పలేదు. అమ్మకి అసలు చెప్పలేదు.

ఇంటికి వచ్చాక గొడవ మొదలైంది. క్యాంపు అంటే మాకు తెలిసింది కంటి ఆపరేషన్ల క్యాంపు, పిల్లలు పుట్టకుండా చేసే క్యాంపు. మామ్మ నన్ను వెలుతురులోకి తీసుకెళ్ళి కనురెప్పలు ఎత్తి చూసి, పిల్ల కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి కదా అంది. సంగతి తెలిశాక, కాలవగట్టున ఇల్లు పెట్టుకుని ఈతకి డబ్బు కట్టడమేంటని నవ్వింది. నిజానికి మా వైపు పిల్లలు రెండు ఎండు కొబ్బరికాయలు తాడుతో ముడేసి, చంకల కింద పెట్టుకుని కాలవలో దూకి ఈత నేర్చేసుకుంటారు. ఒక్క వేసవిలో మాత్రం కుదరదు. అప్పుడు మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు. అడుగున పగుళ్ళిచ్చిన మట్టి, చెప్పులు, పగిలిన కుండలు తప్ప ఏమీ ఉండవు.

నాన్న మాత్రం అమ్మ మాట పట్టుకుని క్యాంపుల కోసం తిరిగారు. వెంట మామ్మ, నేను. ఐనవిల్లి వైపు ఒక రిటైరైన మేష్టారు పిల్లలకి శ్లోకాలు నేర్పుతున్నారంటే వెళ్ళాం. పొద్దున పూట రెండు గంటలే. ఆయన నాచేత ఒక శ్లోకం అనిపించి, గొంతు బాగుందన్నారు. నాకు నచ్చింది. పది గంటలకల్లా ఇంటికి వచ్చేయొచ్చు. మామ్మకీ నచ్చింది, చివర్లో పులిహోర పెడతారని. అప్పనపల్లిలో మా మావయ్య, అమ్మ రాగానే తల్లీకూతుళ్ళిద్దర్నీ మా ఇంట్లో ఉంచండి, అదే క్యాంపు అన్నాడు. అందరికంటే తెలివైన మాట ఆయనదే. దానికి నాన్న "ఆయ్" అన్నారు. ఐనవిల్లి మేష్టారికీ "ఆయ్" అనే వచ్చారు. ఆ తరవాత అమలాపురం వెళ్ళాం.

అమలాపురంలో అది ఇంగ్లీషు మీడియం బడి. వేసవంతా ఖాళీగా ఉండకుండా సమ్మర్ క్యాంపు పెట్టారు. గేటు మీద రంగురంగుల గుడ్డ. కరస్పాండెంటుగారు మమ్మల్ని ఫ్యాను కింద కూర్చోబెట్టి, స్పోకెన్ ఇంగ్లీషు, డ్రాయింగు, కరాటే అని చెప్పుకుంటూ పోయారు. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా, నెలంతా. ఆ నెలంతా అన్న మాట దగ్గర నాన్న మామ్మ వంక చూశారు, మామ్మ నా వంక చూసింది. సరిగ్గా ఆ నెలే అమ్మ ఇంట్లో ఉండేది. నాన్న నోరు తెరవబోతుండగా ఆయా మూడు కూల్‌డ్రింకులు తెచ్చింది, చల్లగా, స్ట్రాలతో సహా. అమలాపురం ఎండలో పడి నడిచొచ్చిన వాళ్ళం. తాగేశాం. మా వైపు ఒకరింట్లో కూర్చుని వాళ్ళిచ్చింది తాగాక, వాళ్ళ మాట కాదని లేచి రావడం ఉండదు. అలా లేచిపోతే ఆ కబురు మనకంటే ముందే ఊరు చేరుతుంది. నాన్న ఖాళీ సీసా కింద పెట్టి, చేరుస్తామండి అన్నారు. తిరుగు బస్సులో మామ్మ, "ఆ సీసా ముట్టుకోకుండా ఉండాల్సిందిరా" అంది. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నా క్యాంపు అలా ఎన్నికైంది. శీనూ, ఫోన్లో నీకు ఇన్ని బొమ్మలు కనిపిస్తున్నాయి కదా, మాకు కనిపించింది ఒక్క స్ట్రా.

అమ్మ వచ్చింది. రాజమండ్రి నుంచి టాక్సీ మా గుమ్మం ముందు ఆగితే వీధంతా కదిలొచ్చింది. పెట్టె తెరిస్తే ఇల్లంతా పాలపొడి, సెంటు, తలనొప్పి మందు కలిసిన వాసన. ఎవరెవరికి ఏం ఇవ్వాలో అమ్మ ముందే కట్టలు కట్టి తెచ్చింది. నాకు మాత్రం విడిగా ఒక సంచి. అందులో పసుపు రంగు టోపీ, బొమ్మలున్న నీళ్ళసీసా, మెత్తటి తువ్వాలు. నూరాకి కొన్నప్పుడే, మేడంగారిని అడిగి, తన జీతంలోంచి నాకూ కొన్నదంట. వాడినవి కాదు, కొత్తవి. వాటిని నా ముందు పరిచి నా ముఖం వంక చూసింది. క్యాంపు నెలంతా అని, సాయంత్రం దాకా అని నాన్న నెమ్మదిగా చెప్పారు. అమ్మ పరిచిన తువ్వాలు మళ్ళీ మడుస్తూ, "నెలంతానా, మంచిదేనండి, బాగా నేర్పుతారు" అంది. మామ్మ మంచిదేగా అంది. నేనూ ఊ అన్నాను.

మర్నాడు పొద్దున్నే అమ్మ తలకి నూనె రాసి, రెండు జడలేసి, మల్లెపూలు పెట్టి, దాని మీద ఆ టోపీ పెట్టింది. మల్లెపూల మీద టోపీ పెట్టుకున్న పిల్ల అమలాపురం బస్సెక్కడం అదే మొదలు అయ్యుంటుంది. అమ్మ చేతులు మారిపోయాయి. అరచేతులు గరుకుగా ఉన్నాయి, డెట్టాల్ వాసన వస్తున్నాయి. పక్కగదిలోంచి మామ్మ పిలిస్తే ఉలిక్కిపడి "అయ్‌వా" అని లేచేది, అక్కడి భాషలో మన ఆయ్ లాంటిదే. ఆ తరవాత నవ్వేసేది. ఇవన్నీ నేను పొద్దున్న జడలేయించుకునేటప్పుడు, సాయంత్రం ఇంటికొచ్చాక మాత్రమే చూశాను. ఆ మధ్యలో అమ్మ ఎలా ఉండేదో నాకు తెలియదు. మామిడిరసం తీసి చాప మీద పొర మీద పొర పరిచి తాండ్ర పెట్టేదని సాయంత్రం చాప మందం చూసి తెలుసుకునేదాన్ని.

క్యాంపులో ఏముందంటే, చెప్పుకోవడానికి ఏమీ లేదు. డ్రాయింగు మేష్టారు రెండు కొండలు, మధ్యలో సూర్యుడు గీయమనేవారు. కొండ అన్నది కంటితో చూడని కోనసీమ పిల్లలం, కొబ్బరికాయలు బోర్లించినట్టు గీసేవాళ్ళం. ఇంగ్లీషు టీచరుగారు మా నాన్న పేరు, ఊరి పేరు ఇంగ్లీషులో చెప్పించేవారు. కరాటే మేష్టారికి నడుము పట్టేసింది, ఆయన కుర్చీలో కూర్చుని కేకలు మాత్రం వేసేవారు. మిగతా పొద్దంతా నేను గోడ గడియారం చూస్తూ కూర్చునేదాన్ని. అయితే సాయంత్రం బస్సు దిగేసరికి అమ్మ గట్టు మీద నిలబడి ఉండేది. ఏం నేర్పేరే అని ఆత్రంగా అడిగేది. ఆ ముఖం చూసి, గడియారం చూశానని ఎలా చెప్పను? కరాటే మేష్టారు నుదుటితో కొబ్బరికాయలు పగలగొట్టారని, ఆ కాయలన్నీ నాన్న పనిచేసే కొట్టుకి తోలారని చెప్పాను. అమ్మ పడీ పడీ నవ్వింది. మూడేళ్ళుగా ఆ నవ్వు నేను వినలేదు. మర్నాడు మేష్టారి చేత కొబ్బరిచెట్టునే కూలదోయించాను. ఆ మర్నాడు ఇంగ్లీషు టీచరుగారు ఇంగ్లీషులో తిడితే కాకి కింద పడిపోయింది. అమ్మ నవ్వుతూ అన్నం కలిపి ముద్దలు పెట్టేది. నేను ముద్ద ముద్దకీ ఒక కోత కోసేదాన్ని. మామ్మ విసనకర్ర ఆపి, దీనికి నా నోరే వచ్చింది అనేది మురిపెంగా.

ఒకరోజు తెల్లవారుజామున గాలివాన కొట్టింది. దారిలో కొమ్మలు విరిగి పడ్డాయి. అమ్మా నేనూ గొడుగు కింద గట్టు మీద నిలబడ్డాం. బస్సు వేళ దాటిపోయింది. తడిసిన మట్టి వాసన, పక్కన అమ్మ చీర తడి. "ఇయాళ బస్సు రాదేమోనే" అంది అమ్మ. ఆ మాటలో ఏదో ఉంది. ఇంటికి పోదాం పద అందామని నా నాలుక చివరిదాకా వచ్చింది. అయితే నా తల మీద ఆ టోపీ ఉంది. ఎంత మురిసిపోయి కొనుక్కొచ్చిందో తెలుసు. "వచ్చేస్తుందిలేమ్మా" అన్నాను, అమ్మకి ధైర్యం చెబుతున్నట్టు. అమ్మ అవునే అంది. అప్పుడు బస్సు వచ్చింది కూడా. అమలాపురం డిపోలో అన్ని బస్సులుండి, ఆ ఒక్కటి ఆరోజు చెడిపోలేదు.

క్యాంపు ముగియకముందే అమ్మ సెలవు ముగిసింది. టాక్సీ ఎక్కేటప్పుడు అమ్మ ఏడవలేదు, నేనూ ఏడవలేదు. ఏడిస్తే వెళ్ళేవాళ్ళకి మంచిది కాదని మామ్మ ముందే ఇద్దరికీ చెప్పి ఉంచింది. ఆ తరవాత మిగిలిన రోజులు కూడా నన్ను పంపారు. ఆఖరి రోజు స్టేజీ మీద రెండు ఇంగ్లీషు ముక్కలు చెప్పి, ఒక స్టీలు గ్లాసు బహుమతి తెచ్చుకున్నాను. జూన్‌లో కాలవలకి నీళ్ళు వదిలారు. వీధి పిల్లలంతా కొబ్బరికాయలు కట్టుకుని దూకుతుంటే నేను గట్టు మీద నిలబడి చూశాను. అమ్మ ఏటి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. వచ్చేసారి నేనే నేర్పుతానని చెప్పి వెళ్ళింది. ఆ వచ్చేసారి వచ్చేటప్పటికి నేను పెద్దపిల్లనయ్యాను, కాలవలో దిగనిచ్చేవారు కాదు. ఈత నాకు ఇప్పటికీ రాదు.

ఇప్పటి తల్లిదండ్రులు క్యాంపు వెతికేటప్పుడు ఎన్నో చూస్తారు. ఏసీ ఉందా, కెమెరాలున్నాయా, సర్టిఫికెట్ ఇస్తారా అని. మా వాళ్ళు ఏమీ చూడలేదు, చూడటం రాదు. మేము నలుగురం ఒకరి మీద ఒకరు ప్రేమకొద్దీ తలూపుకుంటూ ఎవరికీ అక్కర్లేనిదాన్ని తెచ్చుకున్నాం. ఇప్పటివాళ్ళ లెక్కలు చూసి నవ్వుతాను గానీ, మా మర్యాద అంతకంటే గొప్పదని అనలేను.

అమ్మ మోకాళ్ళు అరిగాక పూర్తిగా వచ్చేసింది. అప్పటికి నేను డిగ్రీ పాసై ఇంట్లో ఉన్నాను. ఒక మధ్యాహ్నం అరుగు మీద పక్కింటి పిల్లల్ని కూర్చోబెట్టుకుని కరాటే మేష్టారి కథ చెబుతున్నాను. అప్పటికి ఆయన నుదుటితో లారీనే ఆపుతున్నారు. అమ్మ మోకాలికి నూనె రాసుకుంటూ వింటోంది. పిల్లలు వెళ్ళాక, ఆ క్యాంపంటే నీకెంత ఇష్టంగా ఉండేదో అంది. ఇష్టమేంటమ్మా, ఎప్పుడు ఐదవుతుందా, ఎప్పుడు నీ దగ్గరికి వస్తానా అని చచ్చేదాన్ని అన్నాను నవ్వుతూ. అమ్మ చెయ్యి మోకాలి మీద ఆగిపోయింది.

"మరి చెప్పలేదేంటే?"

"నువ్వంత ముచ్చటపడి పంపుతుంటే ఏం చెప్తాను?"

అమ్మ నూనెగిన్నె పక్కన పెట్టింది. ఆ తరవాత వీధివైపు చూస్తూ చెప్పింది. తను తిరిగి వెళ్ళిన నెలలోనే నూరా క్యాంపు మొదలైందంట. మొదటి రోజు కారు గుమ్మంలోకి వచ్చేసరికి ఆ పిల్ల అమ్మ నడుము పట్టుకుని, నేను పోను, నువ్విన్నాళ్ళకి వచ్చావు, నీ దగ్గరే ఉంటానని ఇల్లెగిరిపోయేలా ఏడ్చిందంట.

"నేనే మేడంతో చెప్పేను, ఈ ఏడాదికి మానిపించెయ్యండి, నేను చూసుకుంటానని. అది ఒక్కసారి పోనంది, అంతే. నువ్వు నవ్వుకుంటా బస్సెక్కేదానివి. నీకక్కడే బాగుంది కామోసు అనుకున్నానే. నువ్వూ పోనంటే నేనాపెయ్యనా?"

నోరు తెరిస్తే కోతలు తప్ప రాని మనిషిని, ఒక్కటీ దొరకలేదు. నూరా మీద కోపం వస్తుందేమోనని చూసుకున్నాను. రాలేదు. జరిగి అమ్మ పక్కన కూర్చుని, నూనెగిన్నె తీసుకుని, రెండో మోకాలికి నేను రాయడం మొదలుపెట్టాను. ఆ ఎండాకాలమంతా ఇంట్లో నువ్వూ నూరా ఏం చేసేవారమ్మా అని అడిగాను. ఎందుకే అంది. చెప్పమన్నాను. అమ్మ మొదట తడబడింది. పొద్దున్నే లేచి నా వెనకాలే వంటింట్లోకి వచ్చేసేది అంది. రొట్టెపిండి అడిగి బొమ్మలు చేసేది. మధ్యాహ్నం నా చెయ్యి తలకింద పెట్టుకుని పడుకునేది. సాయంత్రం మేడమీద మొక్కలకి నీళ్ళు పోసేవాళ్ళం. చెబుతూ చెబుతూ అమ్మ గొంతు కుదురుకుంది. నేను నూనె రాస్తూ, ఆ తరవాతేం చేసేవారు, ఆ తరవాతేం చేసేవారు అని అడుగుతూనే ఉన్నాను.